ముందు బండి ఏం చేస్తే

ఆదివారం పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, మోటార్ సైకిల్ తుడుచుకుని, మధ్యాహ్నం దాకా ఊరవతల తిరిగి రావాలని కళ్లజోళ్ల షాపాయన అనుకున్నాడు. దణ్ణం వరకూ అంతా సజావుగానే సాగింది. అంతలో చేతికి కట్టుతో మామగారు దిగబడ్డారు.

మామగారు స్కూటర్ల సంఘానికి పెద్ద. ఏటా సముద్రపు ఒడ్డున జరిగే స్కూటర్ల ఊరేగింపులో ముందు బండి ఆయనదే. నిన్న మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకున్నారు.

"ఇవాళ నా బండి ముందుండకపోతే ఆ చోటు పళ్ల డాక్టరు కొట్టేస్తాడు, అల్లుడుగారూ. ఒకసారి పోయిందా, మళ్లీ రాదు. నా పరువు మీ చేతిలో ఉంది."

"మోటార్ సైకిల్ నడిపేవాడికి స్కూటరొక లెక్కా, మామయ్యగారూ!"

భార్య వంటింట్లోంచి తొంగిచూసింది. "మీరు స్కూటరు ఎప్పుడెక్కారండీ?"

"నువ్వూరుకో."

ఎప్పుడూ ఎక్కలేదు. ఆ సంగతి ఆయనకీ, ఆవిడకీ, పైవాడికీ తప్ప ఎవరికీ తెలియదు.

బండిని సంఘంవాళ్లు ముందే సముద్రం దగ్గరికి చేర్చి, అద్దంలా తుడిచి ఉంచారు. ముందు బండి ఏం చేస్తే వెనకవాళ్లంతా మారుమాట్లాడకుండా అదే చెయ్యాలన్నది సంఘం నియమం. మామగారు వేదిక మీద ముఖ్య అతిథి పక్కన కూర్చున్నారు. ఆ అతిథి రిటైరైన డ్రిల్లు మాస్టారు.

ఈల మోగింది. భార్యను వెనక కూర్చోబెట్టుకుని అల్లుడు బయల్దేరాడు. బండి వేగం అందుకోగానే, ఏళ్ల తరబడి అలవాటైన ఎడమ చెయ్యి క్లచ్ అనుకుని నొక్కేసింది. ఎడమ కాలు గేరు కోసం గాలిలో వెతికింది. మామగారి స్కూటరుకి గేర్లు లేవు. ఆ చేతి దగ్గర ఉన్నది బ్రేకు. బండి టక్కున ఆగింది. ఆయన ముందుకి వంగిపోయాడు.

వెనక బళ్లన్నీ టక్కున ఆగాయి. ఎడమ కాళ్లన్నీ గాలిలో ఊగాయి. అందరూ వంగారు.

"ఎందుకాపారండీ?"

"గేరు మారుస్తున్నా."

"దీనికి గేర్లెక్కడివండీ!"

"నాకు తెలుసే! చెయ్యి వినట్లేదు!"

నాలుగు గజాలకోసారి ఇదే తంతు. రెండో బండి మీదున్న పళ్ల డాక్టరు కేకేశాడు. "ఏం బాబూ, ఇది కొత్త పద్ధతా?"

మామగారి పరువు గుర్తొచ్చింది. "అవునండీ!"

"కొత్త పద్ధతట! కాళ్లు ఇంకా పైకెత్తండి!" అని డాక్టరు వెనక్కి చాటాడు.

ఇంతలో బుడగలమ్మేవాడు అడ్డొచ్చాడు. అల్లుడు బండిని ఇసకలోకి తిప్పాడు. అందరూ తిప్పారు. బుడగలవాడు బెదిరి తాడు వదిలేస్తే, రంగురంగుల బుడగలన్నీ ఆకాశానికెగిరాయి. సరిగ్గా వేదిక ముందు చక్రాలు కూరుకుపోయాయి. ఇక తనవల్ల కాదని అల్లుడు దిగి, సముద్రం వైపు తిరిగి, "స్వామీ, గట్టెక్కించు" అని చేతులు జోడించాడు. వెనక అందరూ దిగి చేతులు జోడించారు.

డ్రిల్లు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడ్డారు. "నా జన్మలో ఇలాంటి క్రమశిక్షణ చూడలేదు! వచ్చే ఏడాదీ ఈ బండే ముందుండాలి!"

జనం చప్పట్లతో హోరెత్తించారు. తప్పు చేసినవాడికి దేవుడు చప్పట్లు కొట్టిస్తాడేమిటని అల్లుడికి చిన్న సందేహం కలిగింది. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని ఊరుకున్నాడు.

"ఫోటోల కోసం ఇంకొక్కసారి!" అన్నారు మాస్టారు.

బళ్లను ఇసకలోంచి లాగి మళ్లీ బారు కట్టారు. ఈసారి ఎడమ చెయ్యి బుద్ధిగా ఉంది. కాలు కదల్లేదు. స్కూటరు నీళ్ల మీద పడవలా సాగిపోయింది. వెనకవాళ్లు కాళ్లు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోయారు. మాస్టారి మొహంలో నవ్వు తగ్గింది.

మామగారు కట్టు చెయ్యి ఊపుకుంటూ వేదిక దిగి పరిగెత్తుకొచ్చారు. "ఆపండి! దిగండి అల్లుడుగారూ, దిగండి!"

"బాగానే నడుపుతున్నా కదా, మామయ్యగారూ?"

"అదేనయ్యా నా భయం! చెయ్యి అలవాటు పడిపోతోంది! వచ్చే ఏడాది దాకా దీన్ని ముట్టుకున్నారంటే నా మీద ఒట్టే!"

ఆ సాయంత్రం అల్లుణ్ణి, కూతురితో సహా, సకల మర్యాదలతో బస్సెక్కించి ఇంటికి పంపేశారు.