కాళ్ళు అందని ట్రయల్

శనివారం ఉదయం పెసరట్టు తింటూనే మల్లికార్జునరావు కార్యక్రమం ఖరారు చేశాడు. వన్ టౌన్ వెళ్ళి ఎలక్ట్రిక్ మౌంటెన్ సైకిల్ కొనడం, మర్నాడు తోటి లెక్చరర్లతో కలిసి దాని మీద కొండపల్లి కోట దారి ఎక్కడం. అందరికన్నా ముందు పైన ఉంటానని వాట్సాప్ గ్రూపులో రాసేశాడు కూడా. ఫిజిక్స్ చెప్పే మనిషి కాబట్టి మోటారు, బ్యాటరీ, డిస్క్ బ్రేకుల గురించి నెల్లాళ్ళుగా చదివాడు.

కొట్టు యజమాని సాయిగణేష్ దగ్గర ఒక్క బండే మిగిలింది. "పెద్ద ఫ్రేమండీ. ఆఫర్‌లో ఇచ్చేస్తాను."

"ముందు కాళ్ళు నేలకి అందుతాయేమో చూడండి" అంది భార్య బాలసరస్వతి.

"కొండెక్కడానికి కావాల్సింది టార్కు, కాళ్ళు కాదు" అని ఫోను ఆమె చేతికిచ్చి, కొట్టు అరుగు మీద నుంచి సీటెక్కాడు.

పెడల్ తొక్కగానే మోటారు అందుకుంది. సందు చివర ఆగి వెనక్కి తిప్పుదామని కాలు చాపితే గాలి తప్ప ఏమీ తగల్లేదు. బ్రేకులు మంచివే. కానీ ఆగితే పడతాడు. అందుకని ఆగకుండా బజార్లోకి పోయాడు.

ఎంతకీ రాకపోయేసరికి సాయిగణేష్ స్కూటరు మీద వెంటపడ్డాడు. "సార్, ఆపండి!"

"ఆపలేనయ్యా!"

ఆ గోలలో అది 'ఆపనయ్యా' అని వినిపించింది. "పట్టుకోండి! బండెత్తుకుపోతున్నాడు!"

జనం కదిలారు. మల్లికార్జునరావు కంగారుగా ఇంకాస్త తొక్కాడు. ఎదురుగా రత్తయ్య అనే ముసలాయన కారం బస్తాల తోపుడుబండి ఆపుకుని ఉన్నాడు. కాలు ఆనించడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదని బ్రేకేసి, బస్తా మీద కాలు పెట్టాడు. బస్తా దొర్లి నడిరోడ్డు మీద పిగిలింది. ఆ వెనకే సైకిలు, దాని మీద మల్లికార్జునరావు.

రత్తయ్య తిట్టబోయి తుమ్మాడు. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళూ తుమ్మారు. సాయిగణేష్ "దొం..." అని, మిగతా అక్షరం తుమ్మేశాడు.

ఆటోలో వచ్చిన బాలసరస్వతి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని జనంలోకి దూరింది. "ఆయన దొంగ కాదండీ. పొట్టి, అంతే."

జనం నవ్వి చెదిరిపోయారు. పిగిలిన బస్తాని మల్లికార్జునరావు కొనక తప్పలేదు. ఇక సైకిల్ కొట్టుకి చేరాలి. సాయిగణేష్‌కి కళ్ళు తెరుచుకోవడం లేదు. మల్లికార్జునరావుకి మళ్ళీ ఎక్కే ధైర్యం లేదు. భర్తకన్నా జానెడు పొడుగైన బాలసరస్వతి సీటెక్కి కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద నిబ్బరంగా ఆనాయి. తిన్నగా వెళ్ళాల్సింది, రెండు వీధులు చుట్టి మరీ కొట్టు చేరింది.

"బాగుందండీ. నాకు తీసుకుందాం" అంది దిగుతూ.

మల్లికార్జునరావు కారం బస్తా పక్కన నిలబడి సరేనన్నాడు. అపార్ట్‌మెంట్ కింద చార్జింగుకి ప్లగ్గు లేదన్న సంగతి ఇంటికి వెళ్ళాక గానీ ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం బ్యాటరీ ఊడదీసి పట్టుకుని మల్లికార్జునరావు మూడంతస్తులు ఎక్కాడు. మర్నాడు కొండ బాలసరస్వతి ఎక్కింది.