ఇత్తడి పళ్ళేల పట్టిక

ఆ శనివారం ఉదయానికి కార్యదర్శి వేసుకున్న ప్రణాళికలో అనుమానానికి చోటు లేదు. ఎనిమిదింటికి స్నానం, ఎనిమిదిన్నరకు రికార్డు ప్లేయర్ సూది తుడవడం, తొమ్మిదికి కొత్త ఆల్బమ్ కవరు విప్పడం, పదకొండుకల్లా పట్టిక పూర్తిచేయడం, భోజనం వేళకు సంఘ పత్రికకు సమీక్ష సిద్ధం చేయడం. పందొమ్మిదేళ్ళ మౌనం తరువాత ఆ రాక్ బృందం వెలువరించిన ఆల్బమ్ అది. బృందానికి పేరు లేకపోలేదు గాని, అభిమాన సంఘంలో ఎవరూ దాన్ని పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ వాళ్ళు "మనవాళ్ళు".

కార్యదర్శి వృత్తి పదసూచీలు తయారుచేయడం. పండితులు రాసిన లావుపాటి గ్రంథాల చివర, ఏ విషయం ఏ పుటలో ఉందో తెలిపే జాబితాలు ఆయన చేతి మీదుగానే వెలువడేవి. ఆ పద్ధతినే ఆయన సంగీతానికీ వర్తింపజేశాడు. మనవాళ్ళ డ్రమ్మరు వాద్యాల పక్కన స్టాండ్ల మీద ఇత్తడి సింబల్స్ ఉంటాయి. సంఘంలో వాటిని పళ్ళేలనేవారు. ఆ పళ్ళేలను డ్రమ్మరు ఏ పాటలో ఏ నిమిషాన, ఏ సెకనులో మోగించాడో కార్యదర్శి గళ్ళ కాగితం మీద నమోదు చేసేవాడు. ఎనిమిది ఆల్బమ్‌లకు ఎనిమిది పట్టికలు. లోకంలో ఇటువంటి పని చేసినవాడు మరొకడు లేడని ఆయనకు గర్వం. ఉండవలసిన అవసరమూ లేదని ఆయన భార్య అభిప్రాయం.

ఆవిడ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసేది. పెళ్ళైన కొత్తలోనే దంపతుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. మనవాళ్ళ ప్రస్తావన భోజనాల బల్ల దగ్గరకు రాకూడదు. బదులుగా, ఆసుపత్రి కబుర్లు పుస్తకాల గదిలోకి రాకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇరుపక్షాలూ దాన్ని నిష్ఠగా పాటించాయి. తరువాత జరిగిన అనర్థానికి ఆ నిష్ఠే మూలం.

కవరు విప్పకముందే కార్యదర్శికి మొదటి అనుమానం కలిగింది. బొమ్మలో నలుగురూ నిలబడి ఉన్నారు. డ్రమ్మరు అందరికన్నా వెనుక ఉన్నాడు. పైగా ఆయన చేతులు కనిపించడం లేదు. సూది దించాక రెండో అనుమానం కలిగింది. గొంతు ఉంది, గిటారు ఉంది, పెద్ద డ్రమ్ము గుండెల మీద మోదుతూనే ఉంది. పళ్ళేలు లేవు. మొదటి పాట గడిచింది, రెండోదీ గడిచింది. మూడుసార్లు తిరగేసి విన్నా గళ్ళ కాగితంలో ఒక్క గడి నిండలేదు.

పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న భార్య గొంతు వినిపించింది. "ఏమండీ, ఆ చెంచాల మోత ఏమిటి?"

"చెంచాలా? ఇక్కడ ఏ చెంచాలూ లేవే."

"ఎవరో గాజు గ్లాసులో చెంచా తిప్పుతున్నట్టు సన్నగా వస్తోంది. పొద్దున్నుంచీ అదే గోల."

కీలకమైన పరిశోధనకు భంగం కలుగుతోందని తలచి కార్యదర్శి మేడ మీదికి వెళ్ళి తలుపు తట్టాడు. పై వాటాలో దర్జీ పని చేసుకునే ఆవిడ ఉండేది.

"మీరు గ్లాసులో ఏమైనా కలుపుతున్నారా అండీ?"

"లేదండీ," అందావిడ ఆశ్చర్యంగా. "కలపమంటారా?"

కార్యదర్శి ఆవిడ భుజం మీదుగా లోపలికి ఒకసారి చూసి, నమ్మకం కుదరకుండానే దిగివచ్చాడు. అప్పటికి గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. భార్యకు అన్న, ఫొటో స్టూడియో యజమాని, అభిమాన సంఘానికి ఉపాధ్యక్షుడు, ఆ మూడు హోదాల్లోనూ కార్యదర్శితో విభేదించే హక్కు గలవాడు.

"విన్నావా బావా?" అన్నాడు కార్యదర్శి.

"నాలుగుసార్లు. ఏడుపొచ్చేసిందనుకో."

"నాకూ వచ్చింది. పళ్ళేలు లేవు కదూ?"

"లేవు! అదే కదయ్యా గొప్పతనం!" అన్నాడు బావ, చెప్పులు విప్పకుండానే. "వయసులో ఉన్నప్పుడు ఊరికే ఝణఝణలాడించేవాడు. ఇప్పుడు చూడు, ఒక్క దెబ్బ లేదు. అరవై మూడేళ్ళకి మనిషికొచ్చే నిండుతనం అంటే అది."

"నిండుతనమా నీ మొహమా! ఆయన అసలు వాయించలేదు. మెషీన్‌తో కానిచ్చేశారు. కవరు చూడు, చేతులు కనబడకుండా ఎలా తీశారో."

"జేబుల్లో పెట్టుకున్నాడు బావా. నా స్టూడియోకి వచ్చేవాళ్ళలో సగం మంది అంతే."

"అదే నేనూ అడుగుతున్నా. ఎందుకు పెట్టుకోవాలి?"

మంగళవారం సాయంత్రం బేకరీ వెనుక గదిలో సంఘం సమావేశమైంది. సభ్యులు పదకొండుగురు, అందరూ యాభై దాటినవారే. ఆ సంఘంలో చేరడం సులువు కాదు. కనీసం పది కచేరీలు ముందు వరుసలో, స్పీకర్ల పక్కనే నిలబడి విన్నట్టు టికెట్ ముక్కలతో సహా రుజువు చూపాలి. వెనుక వరుసల్లో కూర్చుని విన్న ఒక సంగీతం మేష్టారి దరఖాస్తును నియమావళి ప్రకారం తిరస్కరించిన చరిత్ర ఉంది.

పదకొండుగురూ ఒక్క విషయంలో ఏకీభవించారు: పళ్ళేలు లేవు. ఎందుకు లేవన్న దగ్గర సభ మూడు ముక్కలైంది. కార్యదర్శిది మోసం పక్షం. బావది నిండుతనం పక్షం. బేకరీ ఆయన నాయకత్వంలోని మూడో పక్షం, ఇది రికార్డు అచ్చు పోయడంలో వచ్చిన లోపమని వాదించింది. ఆయన అప్పటికే దుకాణంలో రెండుసార్లు రికార్డు మార్పించుకున్నాడు. మూడోసారి వెళ్ళేసరికి దుకాణంవాళ్ళు లోపలినుంచి గడియ పెట్టుకున్నారట.

"నీకు ప్రతిదాంట్లోనూ కుట్రే కనిపిస్తుంది బావా," అన్నాడు ఉపాధ్యక్షుడు నలుగురిలోనూ. "ఇరవై ఏళ్ళ కిందట గాయకుడికి జలుబు చేస్తే, మనిషినే మార్చేశారన్నావు."

"ఆ జలుబు సంగతి ఇప్పటికీ తేలలేదు."

"సరే. పళ్ళేలు ఉన్నాయని రేపెవరైనా చూపిస్తే?"

"ఒక్క దెబ్బ చూపించినా రాజీనామా చేస్తా. ఇరవై ఆరేళ్ళ కార్యదర్శి పదవి. పత్రికలోనే అచ్చు వేస్తా, చూసుకో!"

కోపంలో అన్న మాటను ఆయన ప్రశాంతంగా అచ్చు వేయించాడు. మొదటి పుటలో ఖాళీ పట్టిక, దాని కింద సవాలు. సంఘ పత్రికకు పాఠకులు తక్కువేగాని, వాళ్ళలో ఒకడు విలేఖరి. రెండు రోజుల్లో ఆ పట్టిక దినపత్రికకెక్కింది. మిగతా ఊళ్ళలోని వృద్ధ అభిమానులు తమ రికార్డులను తీసి విన్నారు. నిజమే, పళ్ళేలు లేవు. కొందరు కంపెనీకి రికార్డులు తిప్పిపంపారు. కొందరు నిండుతనాన్ని కీర్తిస్తూ వ్యాసాలు రాశారు. మరుసటి వారం శుక్రవారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. డ్రమ్మరు తీవ్రంగా నొచ్చుకున్నారు. ఆదివారం ఉదయం పదింటికి స్వయంగా వచ్చి, కార్యదర్శిగారి ఇంట్లో, వారి రికార్డు ప్లేయర్ మీదే, సంఘం సమక్షంలో ఆల్బమ్ వింటారు.

ముప్పై ఏళ్ళుగా ఎవరి చేతి దెబ్బలు లెక్కపెడుతూ బతికాడో, ఆ మనిషి ఇంటికి వస్తున్నాడు. కార్యదర్శి ఇల్లంతా కడిగించడం మొదలుపెట్టాడు. అయినా, "వచ్చేది ఆయనేనని గ్యారంటీ ఏమిటి?" అనుకుని, అసలు డ్రమ్మరుకు మాత్రమే జవాబు తెలిసే పధ్నాలుగు ప్రశ్నలు రాసి ఉంచుకున్నాడు.

శనివారం కుర్చీలు సర్దడానికి బావ వచ్చాడు. ఒప్పందం అక్కడ భగ్నమైంది.

"ఇంతకీ ఎవరొస్తున్నారు అన్నయ్యా, ఇల్లంతా ఇలా కడిగిస్తున్నారు?"

బావ జరిగినదంతా చెప్పాడు. ఆవిడ చీపురు గోడకు ఆనించింది.

"పళ్ళేలు లేవా? మరి రెండు వారాల్నుంచి నా ప్రాణం తీస్తున్న చెంచాల మోత ఏమిటి?"

ఆవిడే వెళ్ళి సూది దించి, చూపుడువేలు పైకెత్తింది. "ఇదిగో. ఇదిగో. మళ్ళీ ఇదిగో. ఇప్పుడు రెండు వరసగా." బావాబావమరుదులిద్దరూ ఆ వేలునే కళ్ళప్పగించి చూశారు. వేలు తప్ప వాళ్ళకేమీ అందలేదు.

అరగంటలో ఇద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కార్యదర్శిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడగానే వేలెత్తమని చెప్పి ఆవిడ బయటికి వెళ్ళింది. ఆయన పరీక్షకు కూర్చున్న విద్యార్థిలా వేలు సిద్ధంగా పెట్టుకుని చాలాసేపు ఎదురుచూశాడు.

"ఇక మొదలుపెట్టు," అన్నాడు చివరికి.

"అయిపోయిందండీ," అంది ఆవిడ.

బావ ఫలితం అంతకన్నా మెరుగ్గా లేదు. "సన్నటి శబ్దాలు ఇద్దరికీ అందట్లేదు. స్పీకర్ల పక్కన అన్నేళ్ళు నిలబడితే ఏ చెవులు మిగులుతాయి?"

"మరి పాత ఆల్బమ్‌లలో పళ్ళేలు నాకు ఇప్పటికీ వినబడుతున్నాయే!"

"వాటిని మీ చెవులు వినట్లేదండీ," అంది ఆవిడ కాస్త మెత్తబడి. "ఎక్కడెక్కడ మోగుతాయో మీకు కంఠతా వచ్చు. అదే మీకు వినబడుతోంది."

ఇంటికి వచ్చి కార్యదర్శి పధ్నాలుగు ప్రశ్నల కాగితం చింపేశాడు. రాజీనామా లేఖ రాసి, తప్పులు దిద్ది, శుద్ధప్రతి రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పదవి పోయినందుకు కాదు, ఒక నిజాయితీపరుణ్ణి ఊరందరి ముందు దొంగను చేసినందుకు ఆయనకు అన్నం సహించలేదు.

ఆదివారం సరిగ్గా పదింటికి డ్రమ్మరు వచ్చాడు. పొట్టిగా, సౌమ్యంగా, పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరులా ఉన్నాడు. చేతులు రెండూ బయటే ఉన్నాయి. కార్యదర్శి ఎదురువెళ్ళి, ఆ చేతులు పట్టుకుని, సభ్యులందరూ వింటుండగా క్షమాపణ చెప్పుకున్నాడు.

"తప్పంతా నాదేనండీ. పళ్ళేలున్నాయి. మా చెవులే పోయాయి. పరీక్ష కూడా చేయించుకున్నాం."

"పోనివ్వండి," అన్నాడు డ్రమ్మరు ఉదారంగా. "ఈసారి పల్చటి పళ్ళేలు తీసుకుని, మెత్తటి కర్రలతో రెండు నెలలు సాధన చేశాను. జీవితంలో ఇంత సున్నితంగా ఎప్పుడూ వాయించలేదు. నా రికార్డులు నేను వినే అలవాటు లేదు గానీ, వచ్చాను కాబట్టి మీతోపాటు వింటాను. పెట్టండి."

సూది దిగింది. మొదటి పాట సగంలో డ్రమ్మరు, "కొంచెం పెంచండి," అన్నాడు. రెండో పాటలో కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకున్నాడు. మూడో పాటలో లేచి నిలబడ్డాడు.

"నా పళ్ళేలేవి?"

కార్యదర్శి భార్య ముందుకు వచ్చి వేలెత్తింది. "ఇదిగోనండీ, ఇప్పుడే మోగింది. ఇదిగో, మళ్ళీ!"

"ఎక్కడమ్మా?"

"ఇదిగో!"

డ్రమ్మరు ఆవిడను ఎగాదిగా చూశాడు. "మీరెవరు? కంపెనీ మనిషా?"

"మా ఆవిడండీ," అన్నాడు కార్యదర్శి కంగారుగా. "అవి ఉన్నాయండీ, నిజంగా. మన చెవులకి అందట్లేదు, అంతే."

"మీ చెవుల సంగతి నాకు తెలీదు. నావి మాత్రం నలభై ఏళ్ళు ఆ పళ్ళేల పక్కనే ఉన్న చెవులు! ఇది ఆ గిటారువాడి పని. పందొమ్మిదేళ్ళ కిందట కూడా నా మోత వాడికి అడ్డొస్తోందని గొడవపడ్డాడు. ఇప్పుడు చేతులు కలిపినట్టే కలిపి, నాకు తెలీకుండా చెరిపించేశాడు!"

"ఒక్క పది నిమిషాలు మా ఆసుపత్రికి వస్తే..." అంటోంది కార్యదర్శి భార్య. డ్రమ్మరు వినిపించుకోలేదు. ఆయన చూపు బల్ల మీది గళ్ళ కాగితం మీద పడింది. ఎనిమిది పాటలు, ఎనిమిది వరుసలు, అన్నీ ఖాళీ.

"ఇది రాసింది ఎవరు?"

"నేనేనండీ. కానీ అది తప్పు..."

"తప్పా?" డ్రమ్మరు కళ్ళు చెమర్చాయి. కార్యదర్శిని గట్టిగా కౌగిలించుకున్నాడు. "లోకంలో చెవులున్నవాడు మీరొక్కరే." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, కాఫీ కూడా తాగకుండా కారెక్కేశాడు.

కార్యదర్శి అక్కడికక్కడే రాజీనామా లేఖ తీశాడు. బావ దాన్ని చేతిలోంచి లాక్కున్నాడు. ముందురోజు నాటి పరీక్ష ఫలితం బావ చొక్కా జేబులోనే ఉంది. అయినా ఆయన ముఖంలో కొత్త వెలుగు వచ్చింది.

"వాయించినాయనే లేవంటుంటే నువ్వెందుకయ్యా రాజీనామా చేయడం?"

"బావా, నువ్వూ వచ్చావు కదా ఆసుపత్రికి! నిజం నీకు తెలుసు కదా!"

"మా చెల్లాయి మెషీనే పాడైందేమో. ఎవరు చూడొచ్చారు?"

"అసలు నిన్నటిదాకా మోసం మోసం అని అరిచినవాడివి, ఇవాళ ఉన్నట్టుండి ఉన్నాయంటున్నావేమిటి?" అన్నాడు బేకరీ ఆయన కళ్ళు చిన్నవి చేసి. "కంపెనీ వాళ్ళు నిన్నేమైనా మంచి చేసుకున్నారా?"

పది జతల కళ్ళు కార్యదర్శి మీదికి తిరిగాయి. తన జీవితమంతా ఇతరుల మీద ప్రయోగించిన ఆ చూపు ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి తెలిసింది. రాజీనామాను సంఘం ఒక్క ఓటుకు వ్యతిరేకంగా పది ఓట్లతో తిరస్కరించింది. ఆ ఒక్క ఓటు ఆయనదే.

బుధవారం నాటి దినపత్రికలో గళ్ళ కాగితాన్ని విలేఖరుల ముందు ఎత్తిపట్టుకున్న డ్రమ్మరు ఫొటో వచ్చింది. కార్యదర్శి దస్తూరి స్పష్టంగా చదవవచ్చు. గిటారు వాద్యకారుడు ఎదురు ప్రకటన చేశాడు; గాయకుడు ఇద్దరినీ తిట్టాడు; ఒప్పుకున్న కచేరీలన్నీ రద్దయ్యాయి. గురువారానికి బృందమే రద్దయింది. కార్యదర్శి ఆ రోజంతా పుస్తకాల గది తలుపు మూసుకుని కూర్చున్నాడు. భార్య ఒప్పందాన్ని పక్కనబెట్టి లోపలికి వచ్చి, రికార్డు పెట్టి, ఆయన పక్కన కూర్చుని, ఒక్కొక్క దెబ్బకూ ఆయన అరచేతి మీద వేలితో తట్టింది. ఆయన కొత్త గళ్ళ కాగితం తీశాడు. రెండు వందల పదమూడు దెబ్బలు తేలాయి. ఆ పట్టికను తరువాతి సంచికలో వేయించబోతే, ఆధారం లేని సమాచారమని ఉపాధ్యక్షుడు అడ్డుపడ్డాడు.

శనివారం బేకరీ వెనుక గదిలో సంఘం మళ్ళీ సమావేశమై, మనవాళ్ళ తొమ్మిది ఆల్బమ్‌లలోనూ ఇదే అత్యుత్తమమైనదని తన చరిత్రలో మొట్టమొదటిసారి ఏకగ్రీవంగా తీర్మానించింది.