బార్లీ మాల్టు, రెండు కిడ్నీలు

శనివారం పొద్దున్నే జేవియర్ వంటగదిలో మూడు గిన్నెలు ముందేసుకుని కూర్చున్నాడు. మూడింట్లోనూ బార్లీ మాల్టే, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఒకటి లేత రంగు, ఒకటి బెల్లం పాకం రంగు, మూడోది బాగా వేగి నల్లబడింది. వీటితో ఘాటైన బీరు కాచి సీసాల్లో ఏడాది మగ్గబెడితే దాన్ని బార్లీవైన్ అంటారు. ఏడాదికి డైరెక్టరుగా తన మొదటి సినిమా రిలీజవుతుంది, ఆ రోజు మూత తీయాలని అతని ఆశ. ఆరేళ్ళు ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో కథ చెప్పి చెప్పి గొంతు అరిగిపోయాక, జూబ్లీ హిల్స్ నిర్మాత అనంతపద్మనాభం గారు ఒప్పుకున్నారు. గురువారం ముహూర్తం.

ఒక్కో గింజా నమిలి చూస్తున్నాడు. లేతది బలాన్నిస్తుంది, పాకం రంగుది తీపినిస్తుంది, నల్లది కాస్త మించితే బూడిద నాకినట్టుంటుంది. నల్లది గుప్పెడా, గుప్పెడున్నరా అని తేల్చుకుంటుండగా అత్తగారు సరోజమ్మ వచ్చింది. కాకినాడ నుంచి వచ్చి వారమైంది. సారా అన్న మాట వినపడితే బైబిలు తెరిచే మనిషి.

"ఏంటి బాబూ ఇవన్నీ?"

"బార్లీ అత్తయ్యా."

"ఆ మూలనున్న మూటలు కూడానా? ఇంత దేనికి?"

"ఊరికే... ఒంటికి మంచిదని."

ఇంతకంటే తెలివితక్కువ జవాబు ఇంకొకటి ఉండదు. మన ఇళ్ళల్లో ఒంట్లో బాగున్నవాడు బార్లీ జోలికి వెళ్ళడం ఎవరైనా చూశారా? మూత్రం మంటకు గుప్పెడు, రాళ్ళకు గిన్నెడు. మూటలంటే సరోజమ్మ లెక్కలో రెండు కిడ్నీలూ పోయినట్టే. ఆవిడ అల్లుడి తల నిమిరి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. జేవియర్ గండం గడిచిందనుకున్నాడు.

గంటలో చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి వచ్చింది, అల్లుడి కిడ్నీల కోసం. మొదట ఆమెన్ పెట్టినవాడు మైఖేల్, అనంతపద్మనాభం గారి డ్రైవరు.

"సార్, మన జేవియర్ సారు కిడ్నీలు ఖరాబైనయంట," అన్నాడు కారు నడుపుతూ. "పాపం, ఎవ్వరికీ చెప్తలేడు."

మధ్యాహ్నం నిర్మాత ఫోన్ చేశారు.

"ఎందుకు దాచావయ్యా? తొంభై రోజులు ఎండలో షూటింగు. నీకేమన్నా అయితే ఆ పాపం నాకు చుట్టుకోదూ?"

"నాకేం లేదు సార్!"

"పెద్ద జబ్బు వచ్చినవాళ్ళంతా అదే అంటారు. సిద్ధార్థ డైరెక్ట్ చేస్తాడులే. నువ్వు పడుకో."

సిద్ధార్థ నిన్నటిదాకా జేవియర్‌కు అసిస్టెంటు. జేవియర్‌కు ఏడుపొచ్చింది.

"నిజం చెప్పేయండి," అంది భార్య ఫెబా.

"ఏమని? బీరు కాస్తున్నానని చెప్పనా? పోయిన సినిమా డైరెక్టరు తాగి సెట్లో పడ్డాడనే కదా, నెమ్మదస్తుణ్ణని నన్ను తీసుకున్నాడు నిర్మాత!"

రోగి అయినా కావాలి, తాగుబోతు అయినా కావాలి. మధ్యే మార్గంగా సోమవారం ఎర్రగడ్డ వెళ్ళి, ల్యాబులో రక్తమూ మూత్రమూ ఇచ్చి వచ్చాడు. ఈలోగా సరోజమ్మ మూడు గిన్నెలూ కలిపి, మూటలు కూడా విప్పి, పెద్ద గుండిగలో మరగబెట్టింది. పూటకో చెంబు చొప్పున దగ్గరుండి తాగించింది. నల్లది గుప్పెడు కంటే చాలా ఎక్కువే పడిందని మొదటి గుక్కలోనే తెలిసింది.

మంగళవారం రిపోర్టు వచ్చింది. అంతా మామూలే. జేవియర్ దాన్ని పట్టుకుని జూబ్లీ హిల్స్ ఆఫీసుకు పరుగెత్తాడు.

అనంతపద్మనాభం గారు రిపోర్టు రెండుసార్లు చదివారు. ఆయన మొహం నల్లబడింది. లేచి వెళ్ళి తలుపు మూశారు.

"ఇది ఎవరికైనా చూపించావా?"

"లేదు సార్. ముందు మీకే."

"బతికించావు. హీరోగారు డేట్లు ఇవ్వనని మొండికేస్తే, ఈ కథ నీ చివరి కోరికని చెప్పాను. ఏడ్చాడయ్యా ఆయన! అక్కడికక్కడే తొంభై రోజులు రాసిచ్చాడు. ఇప్పుడు నువ్వు గుండ్రాయిలా తిరుగుతుంటే నా మాటేం కాను?"

"మరి నా డైరెక్షను సార్?"

"పోయేవాడు డైరెక్షనెలా చేస్తాడయ్యా? నువ్వే చెప్పు."

నిర్మాత రిపోర్టును నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేసి తాళం వేశారు.

ఇంటికి రాగానే ఫెబా గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమన్నారండీ?"

జేవియర్ చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూలబడ్డాడు.

"సినిమా రిలీజయ్యేదాకా కోలుకోవద్దన్నారు."