చెక్క దొరకని గోడ

ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ లెక్కల మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చారు. అత్తగారి మంచం పక్కన లైటు స్విచ్ పెట్టాలి. హాలుకు అడ్డంగా జిప్సం బోర్డు గోడ కట్టించి ఆవిడకు గది ఏర్పాటు చేశారు గానీ, స్విచ్ తలుపు దగ్గరే ఉండిపోయింది. తెల్లవారకముందే ప్రార్థనకు లేచే ఆవిడ మొన్న చీకట్లో కుర్చీకి మోకాలు కొట్టుకుంది. పైగా, తానిక్కడ ఉండటం అల్లుడికి ఇష్టమో కాదోనని పెద్దకూతురితో ఫోనులో అంటోంది. రేపో మాపో వెళ్లిపోయేలా ఉంది. చెప్పకుండా స్విచ్ పెట్టేస్తే ఆ అనుమానం తీరుతుందని మాస్టారి ఆశ.

స్విచ్ బాక్సు బిగించాలంటే రెండు బోర్డుల మధ్య సమాన దూరాల్లో నిలబెట్టే చెక్కలు ఎక్కడున్నాయో తెలియాలి. ఆయన హాలు వైపు నుంచి గోడను వేలితో తడుతూ పోయారు. బోలుగా మోగితే ఖాళీ, మొద్దుగా మోగితే చెక్క.

ప్రార్థన అయ్యాక అవతల మళ్లీ నడుం వాల్చిన అత్తగారు ఆ చప్పుడు విని లేచింది. చప్పుడైన చోట చెవి ఆనించి, రెండు చేతులూ గోడకు అదిమిపెట్టింది. ఆవిడ అదిమిన చోటల్లా గోడ మొద్దుగా మోగింది. మాస్టారు పెన్సిలుతో గుర్తు పెట్టి పక్కకు జరిగారు. అవతల చెవి కూడా జరిగింది. నాలుగు గుర్తులు పడ్డాయి, ఏ రెండింటి మధ్యా దూరం ఒకటి కాదు. గోడ కట్టినవాడికి లెక్కలు రావని ఆయన అనుమానం. గోడ తీసేసి హాలు కలుపుకుంటారని ఆవిడ అనుమానం. దేవుడు మనిషికి నోరిచ్చాక మళ్లీ అనుమానం ఎందుకిచ్చాడో గానీ, ఇద్దరూ ఒక్క మాట అడగలేదు.

ఆవిడ చిన్నకూతుర్ని, అంటే మాస్టారి భార్యను, పిలిచి కనుక్కోమంది. కూతురు వచ్చి అడిగితే మాస్టారు పెన్సిలు వెనక్కి దాచుకుని ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే పెన్సిలు దాచడం ఎందుకని భార్యకూ అనుమానం తగులుకుంది. అంతలో ఆయన జాగ్రత్త కోసం మెయిన్ ఆపేశారు. గదిలో ఫ్యాను ఆగింది. కరెంటు కూడా తీసేశారనుకుని అత్తగారు సంచిలో చీరలు సర్దడం మొదలుపెట్టింది.

మొదటి గుర్తు దగ్గర కోస్తే చెక్క లేదు. రెండోచోటా లేదు. మూడోచోట మాస్టారు పౌరుషం కొద్దీ రంపం గట్టిగా దూర్చారు. అది రెండు బోర్డులూ దాటి అత్తగారి దిండుకు జానెడు పైన తేలింది.

భార్య వచ్చి మూడు కన్నాలూ చూసింది.

"మా అమ్మను పంపించాలనుంటే నోటితో చెప్పొచ్చుగా. గోడలు పొడవడం దేనికండీ?"

"పంపించడమా? ఆవిడ చీకట్లో పడకూడదని మంచం పక్కన స్విచ్ పెడుతున్నా."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకు చెబితే ఆవిడకు చెప్పినట్టే. అయినా అక్క దగ్గరికి పంపేసి రెండు నెలలు ఊపిరి పీల్చుకుందామని మొన్న అన్నది నువ్వు. వద్దన్నది నేను."

అవతల సంచి సర్దుతున్న చప్పుడు ఆగింది. మూడో కన్నంలోంచి అత్తగారి గొంతు వినబడింది.

"అల్లుడుగారూ, చెక్క నా తలగడకు కాస్త పక్కనుంది. క్యాలెండరు మేకు దిగింది అక్కడొక్కచోటే. ఇటు రండి, చూపిస్తాను. అమ్మాయీ, నువ్వక్కడే ఉండు. నీతో తర్వాత మాట్లాడతా."

మధ్యాహ్నానికి స్విచ్ బిగిసింది. రెండు కన్నాలకు బోర్డు ముక్కలు అతికించి పుట్టీ పూశారు. మూడోదాన్ని మాత్రం, గాలి బాగా వస్తోందని, అత్తగారు మూయనివ్వలేదు. సంచి విప్పి చీరలు మళ్లీ బీరువాలో పెట్టుకుంది.

ఇప్పుడు ఆవిడకు ఏ అనుమానమూ లేదు. కూతురు మాత్రం హాల్లో సైగలతోనే మాట్లాడుతోంది.