మా మావయ్య మొదటి తరగతి సంతకం

మనిషి మాట తప్పవచ్చు గానీ సంతకం తప్పదు. ఈ మహాసత్యం మీదే క్రీడాకారుల సంతకాల నిర్ధారణ మండలి నిలబడి ఉంది. (మండలి భవనం మాత్రం నాలుగు కర్రల ఊతం మీద నిలబడి ఉంది.) బంతి, బ్యాటు, చొక్కా, విప్పేసిన పిండికట్టు, దేని మీద ఆటగాడి సంతకం కనబడినా అది అసలుదో కాదో, ఏపాటి విలువ చేస్తుందో తేల్చే అధికారం ఈ భూమ్మీద ఆ మండలికొక్కదానికే ఉంది. ఒకసారి తేల్చాక దేవుడు దిగొచ్చినా మార్చరు. (దిగొస్తే మూడో నంబరు కిటికీ దగ్గర టోకెన్ తీసుకోవాలి.)

మా అమ్మ ఒక ఫుట్‌బాల్ ఒళ్ళో పెట్టుకుని అక్కడి బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. పక్కన నేను. బంతి మీద సంతకం మా మావయ్యది, అంటే అమ్మ తమ్ముడిది. ఇరవై రెండేళ్ళు గోల్‌కీపరుగా ఆడి ‘గోడ’ అని పేరు తెచ్చుకున్నవాడు. పోయిన ఏడాది చనిపోయాడు. క్లబ్బువాళ్ళు తమ మ్యూజియంలో ఆయన పేర అద్దాల బీరువా ఒకటి పెడుతున్నారు. మండలి ఒప్పుకున్న వస్తువులే అందులోకి వెళ్తాయి. తమ్ముడి చేతిది ఒక్కటైనా ఆ బీరువాలో ఉండాలని అమ్మ పట్టు. (ఆయన గ్లవ్స్ ఇస్తామన్నాం. సంతకం లేని గ్లవ్స్ ఎవరివైనా కావచ్చన్నారు.)

మండలి నిపుణుణ్ణి అక్కడ అందరూ భూతద్దంగారంటారు. ఆయన బంతిని మూడు దీపాల కింద తిప్పి చూసి, వాసన పీల్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

“నకిలీదమ్మా,” అన్నాడు. “అదీ చేతకాని నకిలీ. చూడండి, చెయ్యి ఎలా వణికిందో! చివరక్షరం కుట్టు దాటి పక్క తోలుముక్క మీదకి పారిపోయింది. మా దగ్గర గోడగారి సంతకాలు నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. ముత్యాలనుకోండి. ఒక్కదానితోనూ ఇది కలవదు.”

“ఎలా కలుస్తుంది నాయనా? అవన్నీ నేను పెట్టినవి కదా!” అంది అమ్మ.

అది నిజం. అభిమానుల ఉత్తరాలు మూటలు మూటలుగా వచ్చేవి. పెన్ను చూస్తే మావయ్యకి జ్వరమొచ్చేది. “అక్కా, నీకు పుణ్యముంటుంది, నువ్వే గీకెయ్యవే,” అని ఉడాయించేవాడు. అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పొయ్యి మీద పాలు చూసుకుంటూ, ఫొటోలన్నిటి మీదా ఆయన సంతకం పెట్టి పంపేది. ఆట మానేసిన రోజున మాత్రం, “లోకమంతటికీ నీ సంతకం ఉంది, నాకే లేదురా,” అని అమ్మ దెప్పితే, మావయ్య నాలిక బయటపెట్టి పది నిమిషాలు కుస్తీ పట్టి ఈ బంతి మీద పెట్టాడు. తన చేత్తో తాను ఇచ్చింది అదొక్కటే.

భూతద్దంగారు జాలిగా నవ్వాడు. “పధ్నాలుగో నిబంధనమ్మా. ఆటగాణ్ణి ఎరిగినవాళ్ళ సాక్ష్యం చెల్లదు. ఎరిగినవాళ్ళకి పక్షపాతం ఉంటుంది. అందుకే మేం ఎవర్నీ ఎరగం.”

పక్కగదిలో విలువ కట్టే ఆయన బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టి చూశాడు. “సంతకం లేకపోతే పాత బంతి కింద కాస్తో కూస్తో విలువుండేది. ఇప్పుడిది గీతలు పడ్డ బంతి.”

అమ్మకి ఒళ్ళు మండిపోయింది. “మా తమ్ముడు గీసిన గీతలయ్యా అవి!”

“గీసినవాళ్ళతో మాకు పనిలేదమ్మా.”

బంతి మీద ఊదారంగులో ‘నకిలీ’ అని ముద్ర గుద్దారు. (ముద్ర అసలైనదే.) ‘నకిలీ బంతి తిరిగి ముట్టింది’ అని గుమస్తా ఒక రసీదు ముందుకి తోశాడు. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. ఏం రాస్తున్నదో చూసుకోలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

గుమస్తా కెవ్వుమన్నాడు. మండలి మొత్తం పరుగెత్తుకొచ్చింది. భూతద్దంగారు చెప్పులు విప్పి మరీ రసీదు అందుకున్నాడు. “గోడ! సాక్షాత్తూ గోడ! నా సర్వీసులో ఇంత శుద్ధమైన సంతకం చూళ్ళేదు!” తొమ్మిది నిమిషాల్లో ‘అసలైనది, మొదటి తరగతి’ అని పత్రం తయారు.

“ఇప్పుడే కదయ్యా, మీ కళ్ళెదుట నేను పెట్టాను!” అమ్మ అరిచింది.

“మేం కాగితాన్ని చూస్తామమ్మా, మనుషుల్ని చూడం.”

రసీదు మ్యూజియానికి వెళ్ళిపోయింది. అక్కడ చిన్న చిక్కొచ్చింది. రసీదు మీద తేదీ నాటికి మావయ్య పోయి పదమూడు నెలలైందని మండలి సభ్యుడొకాయన లెక్కతేల్చాడు. (ఆయన్ని బదిలీ చేశారు.) మండలి అత్యవసరంగా సమావేశమై, సంతకంలో అనుమానం లేదు గనుక అనుమానం చావులోనే ఉందని తీర్మానించింది. గోడగారు చనిపోయినట్టు, గోడగారి సంతకంతోనే, పదిహేను రోజుల్లో ధ్రువపత్రం పంపాలని మాకు ఉత్తరం వచ్చింది.

అమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. “వెధవ, చావు కాగితం కూడా నాకే వదిలేశాడు,” అని పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టింది. తిరుగు టపాలో జవాబొచ్చింది: మొదటి తరగతి.

నిన్న మ్యూజియానికి వెళ్ళి చూసొచ్చాం. నాలుగు వేలలోంచి ఏరిన ఫొటోలు, పై అరలో రసీదు, మధ్యలో చావు కాగితం. ఆ బీరువాలో మావయ్య చెయ్యి తగిలిన వస్తువు ఒక్కటీ లేదు. అన్నీ అసలైనవే.