కాంపౌండరుగారి పొటాషియం

ఆ రోజు కాంపౌండరుగారి పథకం చాలా చిన్నది. పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వడం, సాయంత్రం ఐదులోపు ఆరోగ్యపత్రం ఆఫీసులో పడేసి ఇంకో రెండేళ్ల ఉద్యోగం ఖాయం చేసుకోవడం. ఐదు దాటితే పదవీ విరమణే. ముప్పై రెండేళ్లుగా ఆస్పత్రి మందుల కిటికీ వెనక నిలబడ్డ మనిషికి ఆ కిటికీ లేని పగలు ఎలా ఉంటుందో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆయన భార్యకు మాత్రం కొంత తెలుసు. కిందటి సెలవుల్లో ఆయన వంటింటి డబ్బాలన్నిటికీ గడువు తేదీలు అంటించారు.

ల్యాబు అమ్మాయి రెండు గొట్టాల్లోకి రక్తం తీసింది. ఊదా మూతది కణాల లెక్కకు, ఎర్ర మూతది మిగతా పరీక్షలకు. "వీటిని మెల్లిగా నాలుగైదుసార్లు తిరగేస్తే చాలు బాబాయ్" అంటూ తిరగేసి స్టాండులో పెట్టి, చీటీలు రాయడానికి అటు తిరిగింది.

కాంపౌండరుగారికి ఆ మెల్లిదనం నచ్చలేదు. సీసా పుచ్చుకున్న ప్రతివాడికీ "బాగా కుదిపి తాగు నాయనా" అని చెప్పి, కుదిపి చూపించి మరీ ఇచ్చిన చెయ్యి అది. ఊరుకుంటుందా! ఎర్ర మూత గొట్టాన్ని చెవిదాకా ఎత్తి, దగ్గుమందు కుదిపినట్టు కుదిపేశారు. ఆ పిల్ల ఇటు తిరిగేసరికి గొట్టం స్టాండులో బుద్ధిగా ఉంది.

పదిన్నరకు డాక్టరుకు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. "సార్, కాంపౌండరు బాబాయ్‌కి పొటాషియం ఏడున్నర!" ఐదు దాటకూడనిది ఏడు దాటితే గుండె ఎప్పుడైనా గాడి తప్పవచ్చు. అలాంటి అంకె వస్తే ముందు ఫోను చేయాలి, మిగతావి తర్వాత చూసుకోవాలి అన్నది ల్యాబు నియమం.

"నాకేమైందండీ? గుండ్రాయిలా ఉన్నాను!" అన్నారు కాంపౌండరుగారు, చక్రాల కుర్చీని చూసి.

"అలా అన్నవాళ్లే ఢామ్మని పడిపోతారు. కూర్చోండి ముందు" అన్నాడు డాక్టరు.

కూర్చోగానే ఆయనకు నిజంగానే దడ మొదలైంది. కుర్చీ వార్డు చేరేలోపు కబురుకు చిలవలు పలవలు పుట్టాయి. వరండాలో "కళ్లు తిరిగాయట" అన్నది మెట్ల దగ్గర "స్పృహ లేదట" అయి, ఇంటికి చేరేసరికి "త్వరగా వస్తే చూసుకోవచ్చు" అయి కూర్చుంది. భార్య ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఆయన చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఇంకా ఎందుకండీ ఈ ఉద్యోగం? వద్దని రాసిచ్చెయ్యండి. నాకు మీరుంటే చాలు" అని ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది.

ఆవిడ అలా ఏడవగా ఆయన ఎన్నడూ చూడలేదు. తనకోసం ఇంత ఏడ్చే మనిషి ఇంట్లో ఉందని తెలిసి ఆయన కళ్లూ చెమర్చాయి. పడుకున్నచోటికే కాగితం తెప్పించుకుని, పొడిగింపు అక్కర్లేదని సంతకం పెట్టేశారు. ఆ ఆస్పత్రిలో ఏ కాగితమూ అంత వేగంగా కదిలి ఎరగదు. పావుగంటలో మంజూరైపోయింది.

ఈసీజీ తీస్తే గీత తిన్నగానే ఉంది. డాక్టరు బుర్ర గోక్కుని మళ్లీ రక్తం తీయించాడు. ఈలోగా ల్యాబు అమ్మాయి పాత గొట్టం పట్టుకుని వచ్చింది.

"సార్, పైన తేరిన నీరు లేత పసుపుగా ఉండాలి కదా, ఎర్రగా ఉంది చూడండి. కణాలు పగిలి, లోపలి పొటాషియం బయటికొచ్చేసింది. దీన్నెవరో గట్టిగా కుదిపారు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాంపౌండరుగారు ఫ్యానువైపు చూశారు.

"అడుగున పేరుకుపోతుందేమోనని..." అన్నారు చివరికి.

రెండో రిపోర్టులో పొటాషియం నాలుగుంపావు. 'ఉద్యోగానికి అన్ని విధాలా అర్హుడు' అన్న పత్రం నాలుగున్నరకు చేతికొచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ రొప్పుకుంటూ ఆఫీసుకు వెళ్లారు.

"మీ కోరిక ప్రకారం రేపట్నుంచి విశ్రాంతే కదండీ" అన్నాడు గుమాస్తా. "రద్దు చేయించుకోవచ్చు గానీ, అర్జీ పెట్టుకోవాలి. ఆర్నెల్లు పడుతుంది."

కాంపౌండరుగారు నీరుగారిపోయి బల్లమీద కూలబడ్డారు. "పోనీలే. రేపట్నుంచి పగలంతా ఇంట్లో నీకు సాయంగా ఉంటాను" అన్నారు, భార్య చెయ్యి ప్రేమగా నిమురుతూ.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, గుమాస్తాను పెన్ను అడిగి, అర్జీ తనే రాయడం మొదలుపెట్టింది.