లిఫ్టూ, షుడ్డూ, మా ఆవిడ కాలూ

అబద్ధాన్ని భూమ్మీద లేకుండా చేసిన మాట ఒకటుంది. అదే ఇంగ్లీషు 'షుడ్'! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

చిన్నప్పుడు మా మాస్టారు దీనికి 'చేయవలెను' అని అర్థం చెప్పారు. పాపం, ఆయన ఎప్పుడూ లిఫ్ట్ ఉన్న భవనంలో కాపురం చేయలేదు.

మేముండేది అయిదో అంతస్తు. లిఫ్ట్ పాడై పడి ఉన్న రోజుల్లోనే మా ఆవిడ బాత్రూంలో జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు వేయించాక కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పైకి మోశాం. అప్పట్నుంచి ఆవిడ నేల మొహం చూడలేదు. నిన్న ఆ కట్టు విప్పించుకోవాల్సిన రోజు. అంటే లిఫ్ట్ నడవాలి.

పొద్దున్నే మెకానిక్ మా అంతస్తుకే వచ్చాడు. వైర్లు లాగాడు, స్క్రూడ్రైవర్‌తో ఎక్కడో ఒక్కటిచ్చాడు. లిఫ్ట్‌లో లైటు వెలిగింది.

"షుడ్ వర్క్, సార్" అన్నాడు.

"పనిచేస్తుందా, చేయదా బాబూ?" అని మా ఆవిడ గుమ్మంలోంచి అడిగింది.

"చేయాలి మేడమ్."

ఆ వినయం చూశారా? పనిచేస్తుందని చెబితే, రేపు ఆగినప్పుడు అబద్ధాలకోరు అయిపోడూ? ఇప్పుడు చూడండి, బాగుచేయడం అతని వంతు, నడవడం లిఫ్ట్ వంతు. మధ్యలో ఆగిందంటే దాని పెంపకం అలాంటిదన్నమాట.

ఎముక సంగతి ఫోన్లో అడిగితే డాక్టరుగారూ అంతే, "షుడ్ బీ ఫైన్" అన్నారు. మా టైలరు "చొక్కా సరిపోవాలి సార్" అన్నాడు. సరిపోలేదు. మాట తప్పింది నా పొట్టే కాబట్టి అతనికి నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంత గొప్ప సౌకర్యం కొందరికేనా? పైలట్ మైకులో "షుడ్ ల్యాండ్" అని చెప్పేసి కాస్త కునుకు తీయకూడదా? ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు మన చెవిలో "షుడ్ వేకప్" అని ఊదితే ఎంత నిశ్చింత! వంతెనకు అటో బోర్డు, ఇటో బోర్డు పెట్టి 'నిలవాలి' అని రాసేస్తే ఇంజనీర్లు కూడా కంటినిండా నిద్రపోతారు. కూలితే వంతెన మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు.

సరే, మా మెకానిక్ పనిముట్లు సర్దుకున్నాడు. మా ఆవిడ చంకకర్రల మీద లిఫ్ట్ దాకా వచ్చి, "నువ్వూ కిందికేగా, మాతోపాటే ఎక్కు" అంది.

"మీరు పదండి మేడమ్" అని, అంత బరువు టూల్‌బాక్సూ భుజాన వేసుకుని మెట్ల మీదుగా దిగిపోయాడు.

అతని ఆరోగ్యస్పృహను మెచ్చుకుందామనుకున్నాను. నా వల్ల కాలేదు. నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండిపోయింది. తను ఎక్కని లిఫ్ట్‌లోకి నా పెళ్లాన్ని ఎక్కించబోయాడు!

మా ఆవిడ మాత్రం గోడ పట్టుకుని, బాగున్న కాలికి తొడుక్కున్న ఆ ఒక్క చెప్పూ గుమ్మంలో విడిచేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.